మంచు తీసే పార

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ తెనాలిలో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, గోడకు తగిలించిన నా సన్మానపత్రం చదివి, "మీ అనుభవాలు చెప్పండి మేడమ్" అంటారు. ఆ పత్రం రాసింది మా ఆఫీసు గుమాస్తా. అంతకు ముందు నెల రిటైరైన డ్రైవరుగారికి రాసిన దాంట్లోనే పేరు మార్చి నాకిచ్చాడు. అందుకే "వాహనాన్ని కన్నబిడ్డలా చూసుకున్నారు" అన్న మాట నా దాంట్లోనూ ఉంది. నాకు సైకిలు తొక్కడం కూడా రాదు.

ఆ పత్రంలో రాయని సంగతి ఒకటుంది. అది చెబుతాను. నచ్చకపోతే కాఫీ తాగిన పాపానికి విన్నామనుకోండి.

నేను పనిచేసింది సముద్రపు ఒడ్డు పల్లెల్లో చేపల పెంపకం నేర్పే ఒక ప్రాజెక్టులో. ఫీల్డు ఆఫీసరు అనేవాళ్లు నన్ను. ఫీల్డంటే రేపల్లె దిగువన ఏరు సముద్రంలో కలిసే చోట ఉన్న పల్లెలు. ఆఫీసంటే బాపట్లలో ఒక ఏసీ గది. ఆ గదిలో ఉండేది మా పెద్ద సారు. ఆయనకు సముద్రమంటే బొత్తిగా భయం లేదు. ఎప్పుడైనా దాని దగ్గరికి వెళితే కదా భయం వేసేది!

అప్పటికే సముద్రం తీరు మారిపోయింది. ఒడ్డుకు దగ్గరలోనే వలలో పడే కవళ్లు, కానాగంతలు కనబడకుండా పోయాయి. తెల్లవారుజామున వెళ్లి మధ్యాహ్నం అన్నానికి ఇల్లు చేరే పడవలు రెండేసి రోజులు నీళ్ల మీదే ఉండిపోయేవి. "నీళ్లు కాగిపోతన్నయ్, చేప లోతుకు పోతంది" అనేవాళ్లు పల్లెలో. మేం దాన్నే "వాతావరణ మార్పు" అనేవాళ్లం. రెండూ ఒకటే, కాకపోతే మా మాటకు పోస్టరు ఉండేది.

ఆ రోజుల్లోనే మా పెద్దలు కొందరు ఒక చలిదేశం వెళ్లొచ్చారు. వెళ్లినవాళ్లలో ఒక్కరు కూడా ఫీల్డులో పనిచేసేవాళ్లు కారు. ఆ చలికి మేం తట్టుకోలేమని మా మీద జాలిపడి ఉంటారు. అక్కడ సముద్రంలో పెద్ద పెద్ద వలపంజరాలు కట్టి చేపలు పెంచుతారు. అవి చల్లనీళ్ల చేపలు. వాళ్ల సముద్రమూ వేడెక్కుతోంది. మనం కాలు పెడితే కొంకర్లు పోయేంత చల్లటి నీళ్లే అక్కడి చేపలకు వేడయిపోయి, మేత ముట్టక, ఒంటికి పేలు పట్టి, చస్తున్నాయట. అందుకని వాళ్లొక ఉపాయం కనిపెట్టారు. ఎండలు ముదిరినప్పుడు పంజరాలను లోతుకు దించేస్తారు. అడుగున నీళ్లు చల్లగా ఉంటాయి కనుక చేప తేరుకుంటుంది. మంచి ఉపాయమే, వాళ్ల సముద్రానికి.

మా సారు అక్కణ్ణించి రెండు వస్తువులు తెచ్చారు. ఒకటి ఉన్నికోటు, రెండోది ఆ ఉపాయం రాసిన పుస్తకం. ఉన్నికోటుని బాపట్లలో వాడటానికి వీల్లేక బీరువాలో పెట్టారు. పుస్తకాన్ని కూడా అక్కడే పెట్టి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ దాన్ని తెలుగులోకి మార్చి పల్లెల్లో పంచాలన్నారు. మా నాన్నగారు లూథరన్ బడిలో తెలుగు మేష్టారు. నాకు ఇంగ్లీషు పర్వాలేదు. "ఇంకెవరు రాస్తారు మేడమ్, మీరే రాయాలి" అన్నారు సారు. పొగిడితే పొంగిపోవడం నాకు చిన్నప్పటి జబ్బు.

సరే, కూర్చుని రాశాను. నీళ్ల వేడి పదహారు డిగ్రీలు దాటితే పంజరాలు దించాలని ఉంది. మన సముద్రం ఏ కాలంలోనూ పదహారుకు దిగదు కదా, ఈ అంకెను ఏం చేయమంటారని సారుని అడిగాను. ఆయన ఫ్యాను వైపు చూస్తూ ఓ క్షణం ఆలోచించారు.

"రెట్టింపు వేసుకోండి" అన్నారు.

అంతే. పదహారు కాస్తా ముప్పై రెండయింది. ప్రపంచంలో ఏ శాస్త్రవేత్తకూ తట్టని పద్ధతి మా ఆఫీసులో టీ చల్లారేలోగా తయారైంది. నేను "సరే సార్" అని రాసుకున్నాను. ఇప్పుడు వెటకారం చేస్తున్నాను కానీ అప్పుడు కిక్కురుమనలేదు.

అందులోనే ఇంకో అధ్యాయం పంజరాల మీద పడ్డ మంచును పారతో తీసేయడం గురించి. రంగుల బొమ్మ కూడా ఉంది. ఎర్ర టోపీ, చేతికి తొడుగులు, పెద్ద పార పట్టుకుని మంచు ఎత్తిపోస్తున్న తెల్లాయన. "ఇది మనకెందుకు సార్?" అన్నాను. "ఆ బొమ్మ తీయొద్దు. పుస్తకానికి అదే అందం. ఆ దేశం వాళ్లు చూస్తే సంతోషిస్తారు" అన్నారు.

పుస్తకం తెనాలిలోనే అచ్చుకిచ్చాం. ప్రెస్సాయన లెక్క చూసి, "నలభై ఎనిమిది పేజీలైతే మూడు ఫారాలండి, సరిగ్గా సరిపోద్ది. మీది యాభై ఒకటి ఉంది. ఆ మూడు పేజీల కోసం ఇంకో ఫారం వెయ్యాలి" అన్నాడు. సారుకి ఫోన్ చేస్తే, "మూడు పేజీలు తగ్గించలేరా? చిన్న పని కదా" అన్నారు. నిజంగా చిన్న పనే. చివరి మూడు పేజీలు చిన్న అక్షరాల్లో ఉన్నాయి. ఎవరెవరికో కృతజ్ఞతలు, ఏవేవో జాగ్రత్తలు. నేను రాసిన తెలుగే, నేనే చదివి దిద్దిందే. ప్రెస్సులో నిలబడి ఆ మూడు కాగితాలూ తీసి మడిచి చేతిసంచీలో పెట్టుకున్నాను. పార బొమ్మ మాత్రం అట్ట లోపల నిండు పేజీలో వేశారు, నిజంగానే చాలా అందంగా వచ్చింది.

శిక్షణ రోజున ఆ బొమ్మ చూసి పల్లె ఆడవాళ్లు ఒకళ్లనొకళ్లు గిల్లుకున్నారు. వాళ్లలో ఒకావిడ లేచి నిలబడింది. యాభై దాటి ఉంటుంది, సన్నగా, నిటారుగా.

"మంచు పడ్డప్పుడు పారతో తియ్యమన్నారు గదండి. ఆ పార మీరిస్తారా, మమ్మల్ని కొనుక్కోమంటారా?"

హాలంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వేశాను. మా సారు మాత్రం, "అది తర్వాత ఫేజులో చూస్తామమ్మా" అన్నారు.

పంజరాల పనికి మేం కూడగట్టిన ఆడవాళ్ల గుంపుకు తర్వాత పెద్ద అయింది ఆవిడే. నేను అక్కా అని పిలిచేదాన్ని, ఇక్కడా అక్కనే అంటాను. రేపల్లె చేపల మార్కెట్టులో రేకుల షెడ్డు కింద అక్కకో చోటుండేది. అంతకుముందు వాళ్లమ్మ కూర్చున్న చోటు. ఆ షెడ్డులో ఎవరి చోటు వాళ్లదే. కాగితాలేం ఉండవు, అయినా ఒకరి చోట్లో మరొకరు బుట్ట దించరు. ఒక్కటే కట్టుబాటు: వరసగా మూడు నెలలు రాకపోతే ఆ చోటు వెనక వరసలో ఉన్నావిడది అవుతుంది. తర్వాత తిరిగొచ్చినా షెడ్డులోకి రానివ్వరు. గేటు బయట, ఎండలో కూర్చోవాలి.

అందుకే పంజరాల పనికి రమ్మంటే అక్క వెంటనే ఒప్పుకోలేదు.

"నా చోటు పోద్దండి మేడంగారూ" అంది.

"పోతే పోనీ అక్కా! ఏడాది తిరిగేసరికి మార్కెట్టుకు చేపలు పంపేదే నువ్వు. బుట్ట పట్టుకుని కూర్చోవలసిన ఖర్మ నీకేంటి?"

"అంతేనంటారా?"

"నా మాట నమ్ము."

నమ్మింది. ఆవిడను చూసి ఇంకో తొమ్మిదిమంది వచ్చారు. ఏటి మొగకు కొంచెం బయట, నాలుగు బారల లోతున్న చోట నాలుగు పంజరాలు కట్టి పండుగప్ప చేపపిల్లల్ని వదిలాం. ప్లాస్టిక్ డ్రమ్ముల మీద తేలే చట్రం, దాని కింద వేలాడే వలసంచి, పైన కూడా వల మూత. పది నెలలు ఆ పదిమందీ వంతులవారీగా పడవ మీద వెళ్లి మేత వేశారు, వలకు పట్టిన నాచు తోమారు. పండుగప్ప చక్కగా ఎదిగింది. వేసవి దాటగానే పట్టి అమ్ముదామనుకున్నాం. షెడ్డు కింద అక్క చోట్లో మాత్రం అప్పటికే వేరే ఆవిడ కుదురుకుంది.

అక్కకు ఒక అలవాటుండేది. రోజూ పొద్దున్నే పంజరాల దగ్గరికి వెళ్లగానే మేత సంచీ విప్పేది కాదు. ముందు పడవ లంగరు వేసి, కాసేపు ఉంచి, పైకి లాగేది. దానికంటిన బురదను వేళ్లతో నలిపి ముక్కు దగ్గర పెట్టుకునేది. వాళ్ల పల్లెలో పెద్దవాళ్లు వల వేసేముందు అలాగే చూస్తారట. ఉప్పు వాసనైతే సరే, గుడ్డు మురిగిన వాసనొస్తే అడుగు నీళ్లు చెడినట్టు. అడుగు చెడితే అక్కడ చేప నిలవదు, వల వేసినా దండగే. నేను ఆవిణ్ణి చూసి ముచ్చటపడేదాన్ని. ముచ్చటపడటం వేరు, నమ్మడం వేరు.

ఆ చలిదేశపు పుస్తకం రాసిన శాస్త్రవేత్త మన పంజరాలు చూడటానికి వస్తున్నాడని కబురొచ్చింది. ఆఫీసులో హడావుడి మొదలైంది. నీళ్లలో ప్రాణవాయువు ఎంతుందో చూసే మీటరు ఒకటి ప్రాజెక్టు కొన్నది. దాన్ని దొరగారి చేత్తోనే ప్రారంభించాలని ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా బాపట్లలో బీరువాలో దాచారు, ఉన్నికోటు పక్కనే.

ఆయన రావడానికి ముందు రోజు నేను పల్లెకు వెళ్లాను. వేట నిషేధం రోజులు, బోట్లన్నీ ఒడ్డెక్కి ఉన్నాయి. ఆ రోజు అష్టమి, పోటూ పాటూ రెండూ నీరసంగా ఉన్నాయి. మూడు రోజులుగా గాలి లేదు. సముద్రం నూనెలా నున్నగా ఉంది. పంజరం దగ్గర థర్మామీటరు ముంచితే ముప్పై మూడు చూపించింది.

అక్క లంగరు లాగి బురద నలిపింది. మొహం చిట్లించి బురద చెయ్యి నా ముందుకు చాపింది.

"అడుగు చెడింది మేడంగారూ. ఇదుగో, మీరే చూడండి."

కంపు గుప్పుమంది. తల వెనక్కి తీసుకున్నాను.

"ఇప్పుడేం చెయ్యాలక్కా?"

"వల అడుగు ఇంకా పైకి గుంజి కట్టేద్దాం. తెడ్లతో నీళ్లు కొడతా ఉంటే చేపకు గాలాడుద్ది. నాలుగు రోజులు ఓపిక పడితే పోటు బలపడుద్ది, నీళ్లు మారతయ్యి."

పుస్తకం దానికి సరిగ్గా వ్యతిరేకంగా చెబుతోంది. ముప్పై రెండు దాటితే రెండు బారలు దించమని నా చేత్తో నేనే రాశాను. పడవ మీద నుంచే సారుకి ఫోన్ చేశాను.

"ముప్పై మూడుంది సార్. కానీ అడుగు నీళ్లు బాగోలేదంటున్నారు."

"ఎవరంటున్నారు?"

"గుంపు పెద్ద. లంగరు బురద వాసన చూసి..."

"వాసనా?" అన్నారు. అవతల ఏసీ రొద వినబడుతోంది. "మేడమ్, రిపోర్టులో వాసనకు కాలమ్ ఉందా?"

"లేదు సార్."

"పుస్తకంలో ఏముంది?"

"దించమని ఉంది సార్."

"మరి దించండి. రేపు దొరగారు తన పద్ధతి మన సముద్రంలో చూడాలి. నాలుగూ దించండి."

"సార్, ఆ మీటరు పంపిస్తే ఒకసారి అడుగు నీళ్లు..."

"రేపు ప్రారంభోత్సవం పెట్టుకుని ఇవాళ ఎలా వాడతామండి!"

ఫోన్ పెట్టేశారు. నేను అక్క వైపు తిరిగి, దించేయమన్నాను.

"మీరు చెబితే దించుతామండి. ఒక్కటి మాత్రం నాకొదిలెయ్యండి. మూడు మీ పుస్తకం ప్రకారం చెయ్యండి, ఒకటి నా ప్రకారం ఉంచండి."

"దొరగారు లెక్కపెడతాడక్కా. నాలుగూ దించాలి."

"ఏంటండీ, చేపలు మాయి గదండీ?"

"చేపలు మీవే, పంజరాలు ప్రాజెక్టువి" అన్నాను.

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నా నోటి నుంచి వచ్చిన మాటల్లో దాన్ని మించిన చెడ్డమాట లేదు. అన్నది గట్టిగా కూడా కాదు, చాలా మర్యాదగా అన్నాను. అక్క తాళ్లు విప్పింది. నాలుగు వలసంచులూ నా కళ్ల ముందే రెండు బారలు కిందికి దిగాయి. వాటి అడుగు ఇంచుమించు బురదకు తగులుతోంది. నేను రిజిస్టరులో రాసుకుని, మూడింటి బస్సుకి రేపల్లె వచ్చి, అక్కడ తెనాలి రైలెక్కాను. పని పూర్తిచేశానన్న తృప్తితో రైల్లో జామకాయలు కూడా కొనుక్కుని తిన్నాను.

మర్నాడు పొద్దున్న జీపులో పూలదండలు, ఫైలు, బీరువాలోంచి బయటపడ్డ మీటరు, మా సారు, ఆ దేశపు శాస్త్రవేత్త, నేను. ఆయనకు అరవై దగ్గర ఉంటాయి. ఎర్రగా కంది, చెమటలు కారుతూ, పాపం ఉడికిపోతున్నాడు. ఒడ్డున ఏడెనిమిదిమంది ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఎవరూ పలకరించలేదు.

పడవలో దగ్గరికి వెళ్లాం. మూడు పంజరాల్లో వల మూత కింద చేపలు తెల్లగా, వెల్లకిలా తేలి ఉన్నాయి. ఒక్కొక్కటీ చేటంత చేప. పది నెలల మేత, పదిమంది చాకిరీ. ఏడుపొచ్చింది కానీ ఏడవడానికి నాకేం హక్కుంది?

నాలుగో పంజరం దగ్గర అక్క ఉంది. ఇంకో ఇద్దరితో కలిసి తెడ్లతో నీళ్లు కొడుతోంది. ఆ వలలో చేపలు తిరుగుతున్నాయి. నేను బస్సెక్కి వెళ్లాక, పొద్దు వాలకముందే ఆ ముగ్గురూ తిరిగొచ్చి ఆ ఒక్క వలనీ పైకి గుంజి కట్టారట. మిగతావి లాగేలోపే చేతులు బొబ్బలెక్కి, వేళ్లు పనిచేయలేదట. అక్క తెడ్డు పట్టుకున్న చోట గుడ్డ చుట్టుకుని ఉంది, గుడ్డ మీద రక్తం.

మా సారు ఒక్క నిమిషం నిశ్చేష్టులయ్యారు. ఒక్క నిమిషమే! ఆ తర్వాత బతికిన పంజరం వైపు చెయ్యి చూపించి దొరగారితో ఇంగ్లీషులో చెప్పేశారు: మీ పద్ధతి ప్రకారం దించింది ఇదొక్కటేనండి, చేపలు చూడండి ఎంత చలాకీగా ఉన్నాయో. మిగతా మూడింటినీ ఈ ఆడవాళ్లు దించకుండా నిర్లక్ష్యం చేశారు, చదువు లేనివాళ్లు, ఎంత చెప్పినా వినరు.

ఏ ఎండకా గొడుగు పట్టడం చాలామందికి వచ్చు. నడినెత్తిన ఎండ మండుతుంటే వెన్నెల కాస్తోందని చెప్పడం మాత్రం ఆయన ఒక్కరికే వచ్చు. ఆ మాట ఫైలుకెక్కితే ఏమవుతుందో నాకు తెలుసు. నిర్లక్ష్యం చేసిన గుంపుకు మళ్లీ పంజరం ఇవ్వరు, ఉన్నవీ లాగేసుకుంటారు. మార్కెట్టులో చోటు పోయింది, ఇక్కడ నీళ్లూ పోతాయి. అక్కకు వెనక్కి వెళ్లడానికి దారి లేదు, ముందుకూ లేదు.

దొరగారు చచ్చిన చేపల వైపు, బతికిన పంజరం తాళ్ల వైపు చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను పిలిచి, అక్కను ఒక మాట అడగమన్నాడు. పంజరం దించే ముందు అడుగు నీళ్లలో గాలి ఉందో లేదో చూడాలని, లేకపోతే ఎట్టి పరిస్థితిలోనూ దించకూడదని పుస్తకంలో రాశాం కదా, ఆ పేజీ ఆమె చదివిందా?

పేజీ!

చిన్న అక్షరాలు, ప్రెస్సు, మడిచి చేతిసంచీలో పెట్టుకున్న మూడు కాగితాలు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. అది తెలుగులో రాసిందే నేను. "ఎట్టి పరిస్థితిలోనూ" అన్న మాట బాగా కుదిరిందని అప్పట్లో మురిసిపోయాను కూడా. సారు నా వైపు చూశారు. నోరు మూసుకోమన్న చూపు. అక్కా నా వైపే చూస్తోంది, దొర ఏమన్నాడో చెబుతానని.

"అక్కా" అన్నాను, "అడుగు నీళ్లు చూడకుండా దించొద్దని ఆ పుస్తకంలో ఒక పేజీ ఉంది కదా, చదివావా అని అడుగుతున్నాడు."

"నాకు చదువెక్కడిదండి. మా కోడలు అట్ట నుంచి అట్ట దాకా చదివి వినిపించింది. అందులో ఆ మాట లేదండి."

"లేదు. నేనే తీసేశాను. పేజీలు ఎక్కువయ్యాయని."

అక్కకు వెంటనే అర్థమైనట్టు లేదు. తెడ్డు పడవలో పెట్టింది.

"మంచు తీసే పార ఉంది గదండి అందులో?"

"ఉంది."

"దాన్నుంచారా?"

"ఉంచాను అక్కా."

ఆవిడ గుడ్డ చుట్టుకున్న చెయ్యి ఒళ్లో పెట్టుకుని చచ్చిన చేపల వైపు చూస్తూ కూర్చుంది.

దొరగారి వైపు తిరిగి అంతా చెప్పాను. ఆ పేజీ తీసింది నేను. నాలుగూ దించమన్నది నేను. ఈవిడ వద్దంది, వాసన చూసి వద్దంది. దించినవి మూడు చచ్చాయి, నా మాట వినకుండా పైకి కట్టింది ఒకటి బతికింది. నా ఇంగ్లీషు వణికింది కానీ తప్పులు దొర్లలేదు. సారు మధ్యలో రెండుసార్లు దగ్గారు.

ఆ పెద్దాయన లంగరు తాడు అడిగి తీసుకుని, పైకి లాగి, బురద నలిపి వాసన చూశాడు. వాళ్ల సముద్రంలోనూ కొండల మధ్య ఇరుకు పాయలుంటాయట, వాటి అడుగూ ఇలాగే చెడుతుందట. మొదటి ఏడాది వాటిల్లో కంగారుపడి దించి పంజరాలకు పంజరాలు పోగొట్టుకున్నారట. ఆ పేజీ అలా వచ్చిందే అన్నాడు. అక్కకు చెప్పమంటే చెప్పాను.

"వాళ్ల చేపలూ పోతన్నయ్యా?" అని అడిగింది అక్క.

అడిగాను. ఆయన తాతల నాటి నుంచీ దొరికే చేప వేడి పెరిగేకొద్దీ ఉత్తరానికి తరలిపోతోందట. పడవలు దాని వెంట ప్రతి ఏడూ ఇంకా పైకి వెళుతున్నాయట.

"మాయీ ఎటో పోయినయ్యండి" అంది అక్క. "ఇంకా పైకెళ్తే ఆళ్ల ఊరే గదా. కనబడితే మా కానాగంతల్ని ఒకసారి అడిగానని చెప్పమనండి."

నేనది ఇంగ్లీషులో చెబితే ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. ఆ రోజు మీటరు ప్రారంభోత్సవం జరగలేదు. పూలదండలు జీపులోనే వాడిపోయాయి.

నిర్లక్ష్యం అన్న మాట ఫైలుకెక్కలేదు. నా మాట ఎక్కింది. నాకు మెమో వచ్చింది. చేపల్ని చంపినందుకు కాదు, అతిథి ముందు ఆఫీసు పరువు తీసినందుకు. రిటైరయ్యేదాకా బాపట్లలో కిటికీ లేని స్టోరు గదిలో వలలు, డ్రమ్ములు లెక్కపెట్టాను. సారుకి ప్రమోషను వచ్చింది. రావాలి కూడా, అంత ప్రతిభకు రాకపోతే అన్యాయం. పుస్తకం రెండోసారి అచ్చువేశారు. ఈసారి నాలుగు ఫారాలు, ఆ పేజీ చేర్చారు. పార బొమ్మ కూడా ఉంది. ఇప్పటికీ ఉంది, కావాలంటే మీ ఆఫీసు బీరువాలో చూసుకోండి.

నేను నిజం చెప్పాను కదా, అందరూ సుఖంగా ఉన్నారని చెబితే మీకు బాగుంటుంది. ప్రాజెక్టు వాళ్ల పంజరాలు లాక్కోలేదు, నిజమే. కానీ బతికిన ఒక్క పంజరం పదిమందికి ఏ మూలకొస్తుంది? ఇద్దరు వేటపాలెం జీడిపప్పు పనికి వెళ్లిపోయారు. ఇంకొందరు రొయ్యల షెడ్లలో తలలు వలిచే పనికి కుదిరారు. మళ్లీ చేపపిల్లల్ని వదలడానికి ఎవరికీ గుండె చాల్లేదు. అక్క బుట్ట తీసుకుని రేపల్లె మార్కెట్టుకే తిరిగి వచ్చింది. కట్టుబాటు కట్టుబాటే, గేటు బయటే కూర్చుంది. ఆ షెడ్డులో ఆడవాళ్లను బతిమాలడానికి నేను రెండుసార్లు వెళ్లాను. "మీ ఆఫీసులో మీ కుర్చీ ఇంకోళ్లకిస్తే తిరిగిస్తారా అండీ?" అని అడిగారు. తిరిగి వచ్చేశాను.

ఇప్పటికీ నెలకోసారి తెనాలి నుంచి పాసింజరు ఎక్కి రేపల్లె వెళ్లి అక్క దగ్గరే చేపలు కొంటాను. దూరం నుంచి నన్ను చూడగానే ఒకటే మాట అడుగుతుంది.

"మేడంగారూ, పార తెచ్చారా?"

"ఇంకా లేదక్కా" అంటాను.

చుట్టుపక్కల వాళ్లు నవ్వుతారు. మొన్న వెళ్లినప్పుడు పదకొండు కాకుండానే ఎండ పేలిపోతోంది. అక్క నెత్తిన తడిగుడ్డ వేసుకుని చేప కోస్తోంది. నేను పక్కన నిలబడి కొంగుతో మొహం తుడుచుకుంటుంటే తలెత్తి చూసింది.

"మీకలవాటు లేదు, ఎండలో ఎందుకండీ? అటు నీడలోకి పోయి నుంచోండి, కోశాక పిలుస్తాను" అని కత్తి పట్టిన చేత్తో షెడ్డు కింద ఒక చోటు చూపించింది.

చూపించింది వాళ్లమ్మ కూర్చున్న చోటే.